ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ మార్పిడి – సెన్సార్ల అమరిక

కారు ఇంజిన్‌కు తయారీలో వచ్చిన ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌ను విప్పి, దాని చోట మరో నమూనా మ్యానిఫోల్డ్‌ను బిగించడాన్ని ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ మార్పిడి అంటారు. కొత్తగా బిగించేది అదే కుటుంబంలోని మరో ఇంజిన్‌ది కావచ్చు, విడిగా తయారై అమ్ముడయ్యేది కావచ్చు. కార్బ్యురేటర్ల కాలంలో ఇది బోల్టులకూ గాస్కెట్లకూ సంబంధించిన పని మాత్రమే. ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ వచ్చాక మ్యానిఫోల్డ్ మీదే గాలి పీడనాన్ని, ఉష్ణోగ్రతను కొలిచే సెన్సార్లు చేరాయి. అందువల్ల మ్యానిఫోల్డ్ బిగిసినంత మాత్రాన మార్పిడి పూర్తి కాదు. ప్రతి సెన్సారూ సరైన చోట కూర్చుని, ఇంజిన్ కంప్యూటర్‌కు (ఈసీయూ) నిజమైన కొలత పంపినప్పుడే పూర్తవుతుంది.

నిర్వచనం, పరిభాష

ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ అనేది గాలిని థ్రాటిల్ నుంచి సిలిండర్ హెడ్‌లోని ప్రవేశ ద్వారాలకు పంచిపెట్టే గొట్టాల సముదాయం. దీనిలోని ప్రధాన భాగాలు ఇవి:

- ప్లీనం: థ్రాటిల్ దాటిన గాలి నిలిచే ఉమ్మడి గది.
- రన్నర్లు: ప్లీనం నుంచి ఒక్కో సిలిండర్‌కు వెళ్లే విడి గొట్టాలు.
- ఫ్లాంజ్: సిలిండర్ హెడ్‌కు ఆనుకునే చదునైన ముఖం. దీనికీ హెడ్‌కూ మధ్య గాస్కెట్ ఉంటుంది. తెలుగు ప్రాంతాల వర్క్‌షాపుల్లో దీన్ని ప్యాకింగ్ అంటారు.
- థ్రాటిల్ బాడీ ముఖం: థ్రాటిల్ బాడీ బిగించే చోటు. రంధ్రం వ్యాసం, బోల్టుల సంఖ్య ఇంజిన్‌ను బట్టి మారతాయి.
- వాక్యూమ్ నిపుళ్లు: బ్రేక్ బూస్టర్, పీసీవీ వాల్వు (క్రాంక్‌కేస్ ఆవిర్లను ఇన్‌టేక్‌లోకి పంపేది), ఇంధన పీడన నియంత్రకం వంటి వాటికి శూన్యతను అందించే చిన్న గొట్టాలు.

చరిత్ర

తొలి మ్యానిఫోల్డ్‌లు పోత ఇనుముతో చేసిన పొట్టి గొట్టాలు. కార్బ్యురేటర్ నుంచి వచ్చే పెట్రోలు గోడలకు అంటుకోకుండా ఆవిరవడానికి వాటిని ఎగ్జాస్టు వేడితోనో, కూలెంటు వేడితోనో వెచ్చబరిచేవారు. గొట్టం పొడవును బట్టి ఇంజిన్ శక్తి మారుతుందన్న సూత్రాన్ని 1960లో క్రిస్లర్ 300ఎఫ్ కారు ప్రసిద్ధం చేసింది. దానిలో సుమారు 30 అంగుళాల పొడవైన ర్యామ్ గొట్టాలు ఇంజిన్‌కు అడ్డంగా ఒకదాన్నొకటి దాటుకుంటూ ఉండేవి.

1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600లో వచ్చిన బాష్ డి-జెట్రానిక్ విధానం మ్యానిఫోల్డ్‌లోని పీడనాన్ని సెన్సార్‌తో కొలిచి, ఎంత పెట్రోలు చిమ్మాలో నిర్ణయించింది. పేరులోని ‘డి’ పీడనం అనే అర్థమున్న జర్మన్ మాట ‘డ్రుక్’కు గుర్తు. 1974 నాటి ఎల్-జెట్రానిక్ లోపలికి వచ్చే గాలి పరిమాణాన్నే నేరుగా కొలిచింది. నేటికీ ఇంజిన్లలో ఈ రెండు మార్గాలే ప్రధానం: పీడనం నుంచి గాలిని లెక్కగట్టడం, గాలి ప్రవాహాన్ని నేరుగా కొలవడం.

పెట్రోలును వాల్వు దగ్గరే చిమ్మడం మొదలయ్యాక మ్యానిఫోల్డ్ పొడి గాలిని మోస్తే సరిపోయింది. పెట్రోలు గోడలకు అంటుకుంటుందన్న బెడద తీరింది కాబట్టి రన్నర్లను పొడవుగా, వంపులతో రూపొందించే వెసులుబాటు కలిగింది. 1985లో జనరల్ మోటార్స్ తెచ్చిన ట్యూన్డ్ పోర్ట్ ఇంజెక్షన్ దీనికి ఉదాహరణ. తరువాత గాజు నారతో బలపరిచిన నైలాన్ మ్యానిఫోల్డ్‌లు ఇనుము, అల్యూమినియం స్థానాన్ని చాలావరకు ఆక్రమించాయి. 2001లో బీఎండబ్ల్యూ ఎన్62 ఇంజిన్‌లో రన్నర్ పొడవు వేగాన్ని బట్టి నిరంతరంగా మారే మ్యానిఫోల్డ్ వచ్చింది. భారతదేశంలో 2000 ప్రాంతంలో ఉద్గార నిబంధనలు బిగిసినప్పుడు పెట్రోలు కార్లు కార్బ్యురేటర్ నుంచి ఎంపీఎఫ్ఐకి (ఒక్కో సిలిండర్‌కు విడి ఇంజెక్టర్ ఉండే విధానం) మారాయి. మ్యానిఫోల్డ్ మీది సెన్సార్లు ఇక్కడి మెకానిక్‌ల దైనందిన పనిలోకి వచ్చిందీ అప్పుడే.

పనితీరు

ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుని పిస్టన్ కిందికి దిగినప్పుడు రన్నర్‌లో ఒక అల్పపీడన తరంగం పుడుతుంది. అది ధ్వని వేగంతో ప్లీనం వైపు ప్రయాణించి, అక్కడ గొట్టం విశాలమయ్యే చోట అధికపీడన తరంగంగా మారి వెనక్కి వస్తుంది. వాల్వు మూసుకునే ముందు ఆ తరంగం చేరితే సిలిండర్‌లోకి మరికొంత గాలి నెట్టబడుతుంది. పొడవైన రన్నర్‌లో తరంగం ఆలస్యంగా తిరిగి వస్తుంది కాబట్టి తక్కువ, మధ్యస్థ వేగాల్లో టార్క్ పెరుగుతుంది. పొట్టి, వెడల్పు రన్నర్ ఎక్కువ వేగాల్లో మేలు చేస్తుంది. అందువల్ల మ్యానిఫోల్డ్ మార్పిడిలో ఒక వేగ పరిధిలో వచ్చే లాభానికి మరో పరిధిలో కొంత నష్టం తోడవడం సాధారణం.

రకాలు

*నిర్మాణాన్ని బట్టి:* ఒకే ప్లీనం ఉన్నవి, వి-ఆకారపు ఇంజిన్లలో రెండు అంతస్తుల డ్యుయల్ ప్లేన్ రకం, రన్నర్ పొడవు మారేవి, ఒక్కో సిలిండర్‌కు విడి థ్రాటిల్ ఉన్నవి.

*పదార్థాన్ని బట్టి:* పోత ఇనుము, పోత అల్యూమినియం, షీటు అల్యూమినియంతో వెల్డు చేసినవి, నైలాన్ మిశ్రమం. అల్యూమినియానికి వెల్డింగ్‌తో కొత్త సెన్సార్ గూడు అమర్చవచ్చు. నైలాన్‌కు అది కుదరదు, రంధ్రం చేసినా మర నిలవడం కష్టం. నైలాన్ ఇంజిన్ వేడిని గాలికి తక్కువగా చేరవేస్తుంది.

*కూలెంటును బట్టి:* పాత షెవ్రొలే స్మాల్ బ్లాక్ వంటి వి8 ఇంజిన్లలో కూలెంటు మార్గం, థర్మోస్టాట్ గూడు మ్యానిఫోల్డ్‌లోనే ఉంటాయి. ఇవి ‘తడి’ మ్యానిఫోల్డ్‌లు. కూలెంటు లేనివి ‘పొడి’ మ్యానిఫోల్డ్‌లు. తడి నుంచి పొడికి మారితే కూలెంటు దారికీ దాని ఉష్ణోగ్రత సెన్సార్‌కూ వేరే చోటు చూడాలి.

మార్పిడికి కారణాలు

శక్తి పెంచడం, పగిలిన నైలాన్ మ్యానిఫోల్డ్‌ను మార్చడం, పాత కారులో కొత్త ఇంజిన్ అమర్చినప్పుడు బానెట్ కింద ఎత్తు సరిపోయేలా చేయడం, టర్బో బిగించడం ప్రధాన కారణాలు. బీఎండబ్ల్యూ ఎం52 ఇంజిన్‌కు దానికంటే ముందరి ఎం50 మ్యానిఫోల్డ్‌ను వేయడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఎం50 రన్నర్లు వెడల్పుగా ఉండటం వల్ల ఎక్కువ వేగాల్లో గాలి ధారాళంగా అందుతుంది. అయితే గాలి ఉష్ణోగ్రత సెన్సార్, ఐడిల్ వాల్వు గొట్టాలు, వాక్యూమ్ గొట్టాలు మళ్లీ అమర్చుకోవాల్సి వస్తుంది.

మ్యానిఫోల్డ్‌తో ముడిపడిన సెన్సార్లు

*మ్యాప్ సెన్సార్:* మ్యానిఫోల్డ్ పరమ పీడనాన్ని కొలుస్తుంది. సిలికాన్ పొర పీడనానికి వంగినప్పుడు దాని విద్యున్నిరోధం మారుతుంది. సాధారణంగా దీనికి మూడు తీగలు: 5 వోల్టుల సరఫరా, ఎర్త్, సంకేతం. వేడెక్కిన పెట్రోలు ఇంజిన్ ఐడిల్‌లో పీడనం సుమారు 30–45 కిలోపాస్కల్, పూర్తి థ్రాటిల్‌లో వాతావరణ పీడనానికి దగ్గరగా ఉంటుంది.

*ఐఏటీ సెన్సార్:* లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రతను కొలుస్తుంది. ఇది వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే థర్మిస్టర్. కొన్ని కార్లలో మ్యానిఫోల్డ్ మీద, కొన్నింటిలో గాలి గొట్టంలో, మరికొన్నింటిలో మాఫ్ సెన్సార్‌లోనే కలిసి ఉంటుంది.

*మాఫ్ సెన్సార్:* గాలి ద్రవ్యరాశిని కొలుస్తుంది. థ్రాటిల్‌కు ముందే ఉంటుంది కాబట్టి మ్యానిఫోల్డ్ మీద చోటు అక్కర్లేదు. కానీ దాని తరువాత లీకై లోపలికి వచ్చే గాలి లెక్కలోకి రాదు.

*థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ (టీపీఎస్):* థ్రాటిల్ బాడీ మీద ఉంటుంది. కేబుల్‌తో నడిచే థ్రాటిల్‌కూ మోటారుతో నడిచే థ్రాటిల్‌కూ సెన్సార్లు, తీగలు వేరు. వాటిని ఒకదాని బదులు మరొకటి నేరుగా వాడలేరు.

*ఇతర అనుబంధాలు:* ఐడిల్ గాలి వాల్వు, ఈజీఆర్ వాల్వు (కొంత ఎగ్జాస్టు వాయువును తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపేది), కూలెంటు ఉష్ణోగ్రత సెన్సార్, కొన్ని ఇంజిన్లలో మ్యానిఫోల్డ్ కింద దాగి, నాకింగ్‌ను (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి మండటాన్ని) పసిగట్టే నాక్ సెన్సార్లు.

అమరిక సమస్యలు, పరిష్కారాలు

*స్థానం.* మ్యాప్ సెన్సార్ థ్రాటిల్ దాటాక, అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉండే ప్లీనం నుంచి పీడనాన్ని అందుకోవాలి. ఒక్క రన్నర్ నుంచి తీసుకుంటే ఆ సిలిండర్ స్పందనల వల్ల కొలత ఊగిసలాడుతుంది. కొత్త మ్యానిఫోల్డ్‌లో గూడు లేకపోతే సెన్సార్‌ను ఇంజిన్ గది గోడకు బిగించి, గట్టి వాక్యూమ్ గొట్టంతో ప్లీనానికి కలుపుతారు. గొట్టం పొట్టిగా ఉండాలి. సెన్సార్ నిపులు కంటే ఎత్తులో, దాని నోరు కిందికి చూసేలా ఉండాలి. లేకుంటే పెట్రోలు ఆవిరి, తేమ అందులో చేరతాయి. విడి థ్రాటిల్‌లు ఉన్నచోట అన్ని రన్నర్లనూ ఒక చిన్న ఉమ్మడి గదికి కలిపి, అక్కడి నుంచి సంకేతం తీసుకుంటారు.

ఐఏటీ సెన్సార్ మొన గాలి ప్రవాహంలోకి చొచ్చుకుని ఉండాలి. వేడెక్కిన అల్యూమినియం గోడలో దాగి ఉంటే గాలికి బదులు లోహం ఉష్ణోగ్రతను చూపుతుంది. దీని ప్రభావం లెక్కకు అందుతుంది. గాలి సాంద్రత కెల్విన్ ఉష్ణోగ్రతకు విలోమ నిష్పత్తిలో ఉంటుంది. నిజంగా 25 డిగ్రీల సెల్సియస్ (298 కెల్విన్) ఉన్న గాలిని సెన్సార్ 60 డిగ్రీలుగా (333 కెల్విన్) చూపితే, పీడనం మీద ఆధారపడే ఈసీయూ గాలిని సుమారు 10 శాతం తక్కువగా లెక్కగడుతుంది. ఆ మేరకు పెట్రోలు తగ్గి మిశ్రమం పలుచబడుతుంది. అందుకే మ్యానిఫోల్డ్‌లో అనువైన చోటు లేనప్పుడు ఐఏటీని థ్రాటిల్‌కు ముందున్న గాలి గొట్టంలోకి మార్చడం వాడుకలో ఉంది. టర్బో ఇంజిన్లలో అది ఇంటర్‌కూలర్ తరువాతే ఉండాలి.

*మర.* చాలా అమెరికన్ సెన్సార్లకు ఎన్‌పీటీ మర ఉంటుంది. ఇది కోసుగా సాగి, మర దగ్గరే సీలవుతుంది. యూరప్, జపాన్ సెన్సార్లకు సాధారణంగా ఎం12×1.5 వంటి సమాంతర మర ఉంటుంది. ఇది వాషర్‌తోనో ఓ-రింగ్‌తోనో సీలవుతుంది. 1/8 ఎన్‌పీటీకి అంగుళానికి 27 మరలు, 1/8 బీఎస్‌పీటీకి (బ్రిటిష్ ప్రమాణపు కోసు మర) 28. మర కోణం మొదటిదానికి 60 డిగ్రీలు, రెండోదానికి 55. ఇవి చూపుకు ఒకేలా ఉండి రెండు చుట్లు తేలికగానే ఎక్కుతాయి, తరువాత అల్యూమినియం మరను చెడగొడతాయి. మర గేజితో కొలిచాకే బిగించాలి. తేడా ఉంటే లేత్‌పై చేసిన అడాప్టర్ బుష్ వాడతారు, లేదా రంధ్రం పెంచి సరైన ట్యాప్‌తో కొత్త మర వేస్తారు. అడాప్టర్ మరీ పొడవైతే ఐఏటీ మొన గాలికి అందదు.

*సీలు.* మర లేకుండా రబ్బరు గ్రోమెట్‌తోనో, ఓ-రింగ్‌తోనో నొక్కి కూర్చోబెట్టే సెన్సార్లకు గూడు వ్యాసం ఖచ్చితంగా సరిపోవాలి. వదులుగా ఉన్న గూడును సీలెంటుతో నింపడం నమ్మదగిన పద్ధతి కాదు. సరైన వ్యాసంతో చేసిన స్లీవు వేయాలి. ఇంజెక్టర్ ఓ-రింగులకూ ఇదే వర్తిస్తుంది.

*కప్లర్, వైరింగ్.* తీగల సంఖ్య ఒకటే అయినా పిన్నుల వరుస మారవచ్చు. కొత్త సెన్సార్‌కు సరిపోయే కప్లర్‌ను తెచ్చి, వైరింగ్ చిత్రం చూసి ఒక్కో తీగనూ కలపాలి. సెన్సార్ చోటు దూరమైతే పొడిగింపు హార్నెస్ వేస్తారు. అతుకులను టంకం వేసో, క్రింప్ చేసో, హీట్ ష్రింక్ గొట్టంతో కప్పుతారు. తీగలు ఎగ్జాస్టుకూ స్పార్క్ ప్లగ్ తీగలకూ దూరంగా పోవాలి.

*విలువల తేడా.* గూట్లో సరిగ్గా కూర్చున్న సెన్సార్ కూడా తప్పు విలువ పంపవచ్చు. 25 డిగ్రీల వద్ద జనరల్ మోటార్స్ ఐఏటీ నిరోధం సుమారు 2.8 కిలోఓమ్‌లు, బాష్ రకానిది సుమారు 2 కిలోఓమ్‌లు. జనరల్ మోటార్స్ ఈసీయూకు బాష్ సెన్సార్ కలిపితే 25 డిగ్రీల గాలి సుమారు 32 డిగ్రీలుగా కనిపిస్తుంది. మ్యాప్ సెన్సార్ల విషయంలో తేడా ఇంకా పెద్దది. సముద్ర మట్టం వద్ద 3 బార్ సెన్సార్ ఇచ్చే సుమారు 1.6 వోల్టులను, 1 బార్ సెన్సార్ కోసం రాసిన ఈసీయూ దాదాపు 40 కిలోపాస్కల్‌గా చదువుతుంది. పరిష్కారాలు రెండే: పాత సెన్సార్‌నే కొత్త మ్యానిఫోల్డ్‌కు అమర్చడం, లేదా ఈసీయూలో ఆ సెన్సార్ పట్టికను మార్చడం.

*చుట్టూ ఖాళీ.* సెన్సార్ లేదా కప్లర్ బానెట్‌కో, వెనుక గోడకో, ఇంధన రైలుకో తగలవచ్చు. ఇంజిన్ తన మౌంట్ల మీద కదులుతుంది కాబట్టి ఆగి ఉన్నప్పుడు కనిపించే ఖాళీ సరిపోదు.

ఉదాహరణ: ఎల్ఎస్1 ఇంజిన్‌కు ఎల్ఎస్6 మ్యానిఫోల్డ్

జనరల్ మోటార్స్ ఎల్ఎస్1 వి8 ఇంజిన్ 1997లో షెవ్రొలే కార్వెట్‌లో, మరుసటి ఏడాది కమారో, ఫైర్‌బర్డ్‌లలో వచ్చింది. 2001లో కార్వెట్ జెడ్06 కోసం వచ్చిన ఎల్ఎస్6 ఇంజిన్‌కు ఎక్కువ గాలినిచ్చే మ్యానిఫోల్డ్ అమర్చారు. రెండూ నైలాన్‌వే, పొడి రకమే, హెడ్‌కు ఒకే తీరులో బిగుస్తాయి. మ్యాప్ సెన్సార్ రెండింటిలోనూ వెనుక భాగంలో రబ్బరు సీలుతో కూర్చుంటుంది. అందువల్ల సెన్సార్ వరకు ఈ మార్పిడి సులభం.

చిక్కులు మరోచోట వస్తాయి. ఎల్ఎస్6 మ్యానిఫోల్డ్ అడుగు భాగం కిందికి ఉంటుంది. తొలి ఎల్ఎస్1లలో హెడ్‌ల వెనుక కూడా సాగే కూలెంటు ఆవిరి గొట్టం దానికి అడ్డు వస్తుంది. 2001 తరువాతి గొట్టం వేసి, వెనుక రంధ్రాలు మూయాలి. ఎల్ఎస్6 మ్యానిఫోల్డ్‌లో ఈజీఆర్ ద్వారం లేదు. ఈజీఆర్ ఉన్న పాత కార్లలో ఇది ఉద్గార నిబంధనల ప్రశ్నను కూడా తెస్తుంది. రెండు నాక్ సెన్సార్లు మ్యానిఫోల్డ్ కింది లోయలో ఉంటాయి. మళ్లీ మ్యానిఫోల్డ్ విప్పకుండా వాటిని చేరలేరు కాబట్టి ఈ పనిలోనే వాటినీ సీళ్లనూ పరిశీలిస్తారు.

2008 నాటి ఎల్ఎస్3 మ్యానిఫోల్డ్‌తో పరిస్థితి వేరు. దాని ద్వారాలు దీర్ఘచతురస్రాకారంలో ఉంటాయి. ఎల్ఎస్1 హెడ్ ద్వారాలు సన్నగా, నిలువుగా ఉంటాయి. హెడ్‌లు కూడా మార్చితే తప్ప అది సరిపోదు. మార్చినా మ్యాప్ సెన్సార్ ముందు వైపుకు వస్తుంది, కప్లర్ మారుతుంది, పొడిగింపు హార్నెస్ అవసరమవుతుంది.

మార్పిడి క్రమం

1. చల్లబడిన ఇంజిన్‌పై ఇంధన పీడనం తగ్గించి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పడం.
2. ప్రతి కప్లర్‌కూ గొట్టానికీ గుర్తు చీటీ కట్టి, ఫొటో తీసుకోవడం.
3. పాత మ్యానిఫోల్డ్ తీయగానే హెడ్ ద్వారాలను శుభ్రమైన గుడ్డతో మూయడం. లోపల పడిన చిన్న నట్టు కూడా పిస్టన్‌ను పాడుచేస్తుంది.
4. పాత గాస్కెట్ ముక్కలు గీకి, ముఖాల చదునును సరళ పట్టీతో పరీక్షించడం.
5. డ్రిల్లింగ్, ట్యాపింగ్, వెల్డింగ్ ఏవైనా ఉంటే మ్యానిఫోల్డ్ ఇంజిన్‌పై లేనప్పుడే ముగించి, రజను పూర్తిగా కడగడం.
6. సెన్సార్లను ముందుగా పొడిగా కూర్చోబెట్టి, స్థానం, లోతు, ఖాళీ చూడటం.
7. కొత్త గాస్కెట్‌తో బిగించడం. బోల్టులను చేత్తో ఎక్కించి, మధ్య నుంచి బయటికి, టార్క్ రెంచితో రెండు విడతల్లో బిగించాలి. ఎల్ఎస్1, ఎల్ఎస్6లకు తొలి విడత 5, రెండో విడత 10 న్యూటన్ మీటర్లు. ఇతర ఇంజిన్లకు వాటి సర్వీసు మాన్యువల్ విలువలు పాటించాలి.
8. ఇంధనం, కూలెంటు, వాక్యూమ్ గొట్టాలు కలిపి, స్టార్ట్ చేయకముందే ఇంధన లీకు చూడటం.

పరీక్షలు, లోప సంకేతాలు

ఇంజిన్ నడపకుండా తాళం తిప్పి స్కానర్‌లో చూసినప్పుడు మ్యాప్ విలువ ఆ ఊరి వాతావరణ పీడనంతో సరిపోవాలి. సముద్ర తీరాన ఉన్న విశాఖపట్నంలో అది సుమారు 100 కిలోపాస్కల్, 500 మీటర్లకు పైగా ఎత్తున్న హైదరాబాద్‌లో సుమారు 95. రాత్రంతా ఆగిన కారులో గాలి, కూలెంటు ఉష్ణోగ్రతలు కొద్ది డిగ్రీల తేడాతో సమానంగా కనిపించాలి. టీపీఎస్ విలువ యాక్సిలరేటర్‌తో పాటు ఎక్కడా తెగకుండా పెరగాలి.

గాలి లీకు లక్షణాలు కొలిచే పద్ధతిని బట్టి మారతాయి. మాఫ్ ఉన్న కారులో లెక్కకు రాని గాలి మిశ్రమాన్ని పలుచబరుస్తుంది. మ్యాప్ మీదే నడిచే కారులో లీకైన గాలి పీడనంగా కొలతలోకి వస్తుంది కాబట్టి ప్రధానంగా ఐడిల్ వేగం పెరుగుతుంది. లీకును కనుక్కోవడానికి పొగ యంత్రం సురక్షిత సాధనం.

తరచు కనిపించే ఓబీడీ-2 (కారు స్వీయ లోప నిర్ధారణ వ్యవస్థ) కోడ్‌లు: పి0171, పి0174 (మిశ్రమం పలుచన), పి0106–పి0108 (మ్యాప్), పి0112, పి0113 (ఐఏటీ), పి0121–పి0123 (టీపీఎస్), పి0401 (ఈజీఆర్ ప్రవాహం చాలదు), పి0505 (ఐడిల్ నియంత్రణ). పి0113 సాధారణంగా కప్లర్ కలపలేదనో, తీగ తెగిందనో సూచిస్తుంది.

దగ్గరి అంశం: గ్యాస్ కిట్లు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో పాటు దేశమంతటా పెట్రోలు కార్లకు సీఎన్‌జీ, ఎల్‌పీజీ కిట్లు అమర్చేటప్పుడు ఇలాంటి పనే జరుగుతుంది. సీక్వెన్షియల్ కిట్‌లో ప్రతి రన్నర్‌కూ ఇంజెక్టర్ దగ్గర రంధ్రం వేసి గ్యాస్ నిపులు బిగిస్తారు. కిట్ సొంత మ్యాప్ సెన్సార్‌కు మ్యానిఫోల్డ్ నుంచి వాక్యూమ్ గొట్టం తీస్తారు. మ్యానిఫోల్డ్ విప్పకుండా డ్రిల్ చేస్తే రజను సిలిండర్‌లోకి పోయే ప్రమాదం ఉంది. మర, సీలు, సంకేతం తీసుకునే చోటు గురించి పైన చెప్పినవన్నీ ఇక్కడా వర్తిస్తాయి.

చట్టపరమైన అంశాలు

అమెరికాలో క్లీన్ ఎయిర్ చట్టం ఉద్గార నియంత్రణ పరికరాలను తొలగించడాన్ని నిషేధిస్తుంది. కాలిఫోర్నియాలో ఉద్గారాలపై ప్రభావం చూపే విడి భాగాలకు అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చే ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ ఉండాలి. 1996 మోడల్ నుంచి అమెరికా కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి కావడంతో తొలగించిన ఈజీఆర్ వంటివి పరీక్షలో బయటపడతాయి. భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. ఆమోదిత కిట్లతో ఇంధన మార్పిడికి అదే సెక్షన్‌లో వీలుంది.

ప్రాధాన్యం

పెట్రోలు ఇంజిన్ సుమారు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు నిష్పత్తి చుట్టూ నడుస్తుంది. ఆక్సిజన్ సెన్సార్ సాయంతో ఈసీయూ చిన్న తప్పులను సవరించుకుంటుంది. పూర్తి థ్రాటిల్‌లో మాత్రం చాలా కార్లు ఆ సవరణను పక్కన పెట్టి, మ్యాప్, ఐఏటీ, మాఫ్ చెప్పిన విలువలనే నమ్ముతాయి. ఇంజిన్ మీద భారం అత్యధికంగా ఉండేదీ, పలుచని మిశ్రమం వల్ల నాకింగ్ పుట్టి పిస్టన్ దెబ్బతినేదీ అప్పుడే. ఐడిల్‌లో నిలకడగా నడిచిన ఇంజిన్ కూడా ఆ స్థితిలో ప్రమాదంలో ఉండవచ్చు. అందువల్ల మార్పిడి తరువాత సెన్సార్ విలువలను ఐడిల్‌తో పాటు భారం కింద కూడా నమోదు చేసి పరిశీలిస్తారు.

ఇవి కూడా చూడండి

- ఇంజిన్ కంట్రోల్ యూనిట్ (ఈసీయూ)
- ఈజీఆర్ వ్యవస్థ
- ఎంపీఎఫ్ఐ
- ఓబీడీ-2
- టర్బోచార్జర్
- థ్రాటిల్ బాడీ
- నాకింగ్
- మరల ప్రమాణాలు: ఎన్‌పీటీ, బీఎస్‌పీ, మెట్రిక్